కార్తీక వనభోజనం, బొగ్గుల మీద ఫాయిల్ పొట్లాలు: సలహా కావాలి

నాగావళి ఒడ్డు, రాయగడ
శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఈ కార్తీకంలో మా ఇంటివాళ్లం, పక్కింటి ఒడియా కుటుంబం కలిసి కొరాపుట్ వైపు వెళ్లి ఒక రాత్రి టెంట్లలో ఉండాలనుకుంటున్నాం. దేవ్‌మాలి కొండ దిగువన టెంట్లు వేసుకోనిచ్చే ఒక ప్రైవేటు తోట దొరికింది. మడతపెట్టే బొగ్గుల గ్రిల్ మాదే, పట్టుకెళ్తాం. మొత్తం తొమ్మిదిమందిమి. అందులో ముగ్గురు పిల్లలు, మా అత్తయ్య.

చిక్కంతా తేదీతో వచ్చింది. మేం వెళ్లేది పౌర్ణమి దాటిన వారం. ఒడియా లెక్కలో నెల పౌర్ణమితో ముగుస్తుంది కదా, వాళ్లకు అప్పటికి కార్తీకం అయిపోతుంది. మర్నాడే ఛాడఖాయి, చేపలు మాంసం మొదలు. మనకేమో అమావాస్య దాకా కార్తీకమే. అత్తయ్య ఈ నెలంతా ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. వాళ్లు చేపలూ కోడీ కాల్చుకుంటారు, అన్నంలోకి నంజుకునే కూరలన్నీ నావి. వాటిని ఫాయిల్ పొట్లాల్లో చేస్తే ఎవరిది వాళ్లకు విడిగా ఉంటుందని నా ఆలోచన.

కానీ పోయిన చలికాలం కోలాబ్ జలాశయం దగ్గర ఇలాగే బంగాళాదుంపలు పొట్లం కట్టాను. పైన బొగ్గైపోయాయి, లోపల పచ్చి. రెండు పొట్లాలకు చిల్లులు పడి నూనె కారి మంట లేచింది. పిల్లలు బిస్కెట్లు తిని పడుకున్నారు. అది ఇప్పటికీ నా మనసులో ఉంది. ఈసారి అలా కాకూడదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సునాబెడ సెకండ్ షిఫ్ట్
శనివారం రాత్రి 11:40

అక్కా, మంట లేస్తుండగానే పొట్లాలు పెట్టేసి ఉంటారు. చాలామంది చేసేది అదే. నివురుగప్పిన నిప్పు అంటాం చూడండి, ఫాయిల్ పొట్లానికి కావలసింది సరిగ్గా అదే. కర్రబొగ్గు అంటించాక అరగంట వదిలేయండి. ప్రతి బొగ్గు మీదా తెల్ల బూడిద పట్టాలి. అప్పుడు అరచేతిని జాలీకి ఓ బెత్తెడు పైన ఉంచి నిదానంగా లెక్కపెట్టండి. రెండు అనేలోపు చెయ్యి లాక్కుంటే ఇంకా ఆగాలి. ఐదారు దాకా ఓర్చుకోగలిగితే పొట్లాలు పెట్టొచ్చు.

చిల్లుల సంగతి. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. విసనకర్రతో విసిరిన ఎర్ర బొగ్గు ఆ వేడిని దాటగలదు. ఇంట్లో చపాతీలు చుట్టే ఫాయిల్ చాలావరకు 11 మైక్రాన్లు ఉంటుంది, అది బొగ్గును తగిలితే నిలవదు. 18 మైక్రాన్లు, అంతకంటే మందం ఉన్నది కొనండి, డబ్బా మీద రాసి ఉంటుంది. దొరక్కపోతే పలచటిదే రెండు పొరలు వేయండి. బొగ్గుల మీద నేరుగా పెట్టకండి, జాలీ మీదే ఉంచండి.

ఇంకో మాట. బొగ్గులన్నీ గ్రిల్ అంతటా పరచొద్దు, ఒక పక్కకు పోగెయ్యండి. మొదటి పది నిమిషాలు పొట్లం బొగ్గుల పైన, తర్వాత ఖాళీ వైపుకు జరపండి. దుంప లోపలిదాకా ఉడికేది ఆ రెండో వైపునే. నేను గట్టిగా చెప్పగలిగేది ఇది ఒక్కటే, మిగతాదంతా చేతివాటం.

మెరిసే వైపు లోపలికా బయటికా అని అడుగుతారు. ఎటైనా ఒకటే. ఫ్యాక్టరీలో చివరి రోలింగ్‌లో రెండు రేకులు కలిపి నొక్కుతారు, రోలర్‌కు తగిలిన వైపు మెరుస్తుంది, రెండు రేకుల మధ్య ఉన్న వైపు మెరవదు. అంతే తేడా.

జయపురం కోడలు
ఆదివారం ఉదయం 6:25

చెల్లీ, తమ్ముడు నిప్పు సంగతి చెప్పాడు, నేను పొట్లం సంగతి చెప్తాను. నాది సాలూరు పుట్టిల్లు, జయపురం వచ్చి పద్దెనిమిదేళ్లు. ఇక్కడికొచ్చాక నేర్చుకున్న మంచి పని ఆకులో కాల్చడం. ఒడియావాళ్లు పొత్రొపొడా అంటారు. పుట్టగొడుగులు, చిన్న చేపలు ఆవముద్ద పట్టించి ఆకులో చుట్టి నిప్పుల మీద పెడతారు. ఫాయిల్ పొట్లం కూడా అదే పద్ధతి, పైన రేకు తొడుగు ఉంటుంది, అంతే. అందుకే నేను రెండూ కలుపుతాను. లోపల ఆకు, బయట ఫాయిల్. కూర ఫాయిల్‌కు తగలదు, అడుగు అంటదు, మాడినా ఆకు మాడుతుంది కానీ కూర మాడదు. ఆకు వాసన కూరకు పడుతుంది, అది వట్టి ఫాయిల్‌తో ఏం చేసినా రాదు.

అరటాకైతే ముందు నిప్పుకు ఒక్కసారి చూపించండి. మెత్తబడి చిరగకుండా మడత పడుతుంది. అడ్డాకులు రెండు మూడు కలిపి వేసుకోవచ్చు. పసుపు ఆకు దొరికితే ఇంకేం కావాలి! ఈ నెల ఇంకా పచ్చిగానే ఉంటాయి.

అడవిలో కనపడ్డ ప్రతి ఆకూ వాడొద్దు, పిల్లలకు కూడా చెప్పండి. గన్నేరు ఆకులు, పుల్లలు ఏవీ నిప్పు దగ్గరకు రానీయకండి. మొత్తం చెట్టే విషం. ఇంటి నుంచి తీసుకెళ్లిన ఆకులతోనే పని కానివ్వండి.

మడత ఇలా. జానెడు పొడవు కంటే కాస్త పెద్ద ఫాయిల్ ముక్క తీసుకుని మధ్యలో ఆకు, ఆకు మీద కూర ఒకే పొరగా. కుప్ప పోయొద్దు. రెండంచులు పైకి తెచ్చి కలిపి అర అంగుళం చొప్పున మూడు మడతలు వేయండి, తర్వాత రెండు కొసలూ అలాగే. కూరకూ మడతకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ ఉంచాలి. ఆవిరి పట్టి పొట్లం పూరీలా పొంగుతుంది. పొంగిందంటే లోపల ఉడుకుతోందని అర్థం. పొంగకపోతే ఎక్కడో చిల్లు ఉంది.

విప్పేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుని, కొసన చిన్నగా చించి ఆవిరి వదిలాకే తెరవండి. పిల్లలను అసలు విప్పనివ్వొద్దు.

పర్లాకిమిడి మాష్టారు
ఆదివారం ఉదయం 8:05

కోడలమ్మ గారు చెప్పిన లోపల ఆకు పద్ధతికి రసాయనశాస్త్రం వైపు నుంచి కూడా బలముంది. నేను చెప్పేది ఆ పాఠమే కాబట్టి రాస్తున్నాను.

అల్యూమినియం మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఒకటి ఉంటుంది. లోహాన్ని కాపాడేది అదే. పులుపు, ఉప్పు, వేడి మూడూ ఒక్కచోట చేరితే ఆ పొర కరిగి లోహం కూరలోకి దిగుతుంది. చింతపండు పులుసు ఫాయిల్‌తో మూసి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి రేకుకు సూది మొనంత చిల్లులు కనపడటం చాలా ఇళ్లలో చూసే ఉంటారు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2008లో, శరీర బరువు కిలోకు వారానికి 1 మిల్లీగ్రాము అల్యూమినియం మించకూడదని హద్దు చెప్పింది. ఒక పూట వనభోజనానికి భయపడమని కాదు నా మాట. కానీ టమాటా, చింతపండు, నిమ్మరసం ఫాయిల్‌లో వేసి కాల్చాల్సిన అవసరమే లేదు. పులుపు పొట్లం విప్పాక కలపండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మీతో ఉంటే మరీ జాగ్రత్త. ఒంట్లోంచి అల్యూమినియాన్ని బయటికి పంపేవి కిడ్నీలే.

టమాటా కాల్చిన పచ్చడి కావాలంటే ఫాయిల్ ఎందుకు? నేరుగా జాలీ మీద కాల్చి తొక్క తీసి నలపండి.

ఎత్తు సంగతి కూడా గుర్తుంచుకోండి. సుమారు 300 మీటర్లు పైకి వెళ్తే నీళ్లు మరిగే వేడి 1 డిగ్రీ తగ్గుతుంది. దేవ్‌మాలి శిఖరం 1672 మీటర్లు, అక్కడ నీళ్లు 95 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా మరుగుతాయి. మీరు దిగువన ఉన్నా రాయగడలో ఉడికినంత త్వరగా ఉడకదు. పొట్లం లోపల ఉడికేది ఆవిరితోనే కదా. శనగలు, చిక్కుడు గింజలు, కంద లాంటివి ఇంట్లో కుక్కర్‌లో ముప్పావు వంతు ఉడికించి తీసుకెళ్లండి.

గుణుపురం వంశధార
ఆదివారం ఉదయం 10:50

మా అమ్మ ఒడియా, నాన్న తెలుగు. మా ఇంట్లో ఏటా ఈ రెండు కార్తీకాల గొడవ ఉంటుంది, అందుకే ఆగలేక రాస్తున్నాను.

అక్కా, మీరు వెళ్లే రోజు ప్రథమాష్టమి కాదు కదా? ఒడియా మార్గశిర కృష్ణ అష్టమి అంటే మన కార్తీక బహుళ అష్టమే. ఆ రోజు ఇంట్లో పెద్దబిడ్డకు కొత్తబట్టలు కట్టి హారతి ఇస్తారు, పసుపు ఆకులో ఎండురి పిఠా ఆవిరి మీద ఉడికిస్తారు. మీ పక్కింటామె ఆ పూట ఇల్లు వదిలి రావడం కష్టం. ముందు తేదీ కనుక్కోండి.

ఒక లాభం కూడా ఉంది. ఎండురి కోసం ఆ వారం మన బజార్లలో పసుపు ఆకులు కట్టలు కట్టలుగా వస్తాయి. అప్పుడే కొనుక్కోండి.

బరంపురం గరిటె
ఆదివారం మధ్యాహ్నం 2:15

పెళ్లి వంటలు చేసే మనిషిని. నాకు ఫాయిల్ మీద ప్రేమ లేదు, అది ముందే చెప్తున్నా. ఆకు నాలుగు పొరలు చుట్టి అరటినారతో కట్టి వేడి బూడిదలో పెడితే ఫాయిల్‌తో పనేముంది? మా అమ్మమ్మ కట్టెల పొయ్యిలో అన్నం వార్చాక మిగిలిన నిప్పుల్లో అలాగే చేసేది. చెత్త కూడా మిగలదు.

అయినా మీరడిగారు కాబట్టి తొమ్మిదిమందికి సరిపడే లెక్క ఇస్తున్నా. అన్నీ ఉల్లి, వెల్లుల్లి లేనివే.

చిలగడదుంప కిలోన్నర. తొక్కతోనే కడిగి వేలి మందాన చక్రాలు కొయ్యండి. నెయ్యి మూడు చెంచాలు, మిరియాల పొడి, ఉప్పు, నలిపిన వాము చిటికెడు. ఆరు పొట్లాలు. మీ ఊళ్లో పాతిక నిమిషాలు పడితే అక్కడ అరగంట అనుకోండి, మధ్యలో ఒకసారి తిప్పండి. బెల్లం వేయాలనిపిస్తే దించాక వేయండి. ముందే వేస్తే పాకమై అడుగు మాడుతుంది.

అరటికాయ ఆవ. ఆరు కాయలు ఇంట్లోనే సగం ఉడికించి, తొక్క తీసి లావు ముక్కలుగా కోసి పట్టుకెళ్లండి. ఆవాలు రెండు చెంచాలు, పచ్చిమిర్చి నాలుగు, నానబెట్టిన బియ్యం ఒక చెంచా, కొబ్బరి, పసుపు, ఉప్పు వేసి నూరండి. ఆవాలు గంటసేపు నానబెట్టి, ఉప్పు చేర్చి నూరితే చేదు రాదు. ముక్కలకు పట్టించి, నువ్వుల నూనె ఒక చెంచా పోసి ఆకులో పెట్టండి. పదిహేను నిమిషాలు. నిమ్మకాయ తర్వాత.

గుమ్మడి ముక్కలు, బొటనవేలంత. నెయ్యి, జీలకర్ర, ఎండుమిర్చి. పావుగంటకు మించితే ముద్దైపోతుంది.

పుట్టగొడుగులు మీ అత్తయ్య గారు తింటారో లేదో అడగండి, కార్తీకంలో మానేసేవాళ్లున్నారు. తింటే అదే ఆవముద్దతో పది పన్నెండు నిమిషాలు. కడిగి గుడ్డతో తుడిచి, తడి ఆరాకే పొట్లం కట్టాలి. అవి వాటంతటవే నీళ్లు వదులుతాయి, చుక్క కూడా పోయొద్దు.

సునాబెడ సెకండ్ షిఫ్ట్
ఆదివారం సాయంత్రం 4:30

గరిటె గారూ, వంట మాటలో మీకు ఎదురు చెప్పేంత వాణ్ని కాదు. అయితే మీ అమ్మమ్మ గారి పొయ్యి ఇంట్లో ఉంది, గాలి లేదు, బూడిద లోతుగా ఉంది. దేవ్‌మాలి దగ్గర సాయంత్రం నుంచి గాలి. జాలీ మీద వట్టి ఆకు పొట్లం పెడితే అంచులు అంటుకుంటాయి. తిప్పేటప్పుడు చీలి నెయ్యి కారితే మళ్లీ మంటే. మొదటిసారి చేసేవాళ్లకు, పిల్లలు చుట్టూ ఉన్నప్పుడు, ఫాయిల్ తొడుగు ఉండాలనే నా అభిప్రాయం.

బరంపురం గరిటె
ఆదివారం సాయంత్రం 5:02

గాలి సంగతి ఒప్పుకుంటున్నాను. జాలీ మీద అయితే తొడుగు వేసుకోండి. వాడిన ఫాయిల్ మాత్రం అక్కడ పారెయ్యొద్దు. అది కాలి బూడిద కాదు.

పొట్టంగి కుర్రోడు
ఆదివారం రాత్రి 8:20

మా ఊరి వైపు వస్తున్నారు కాబట్టి కొన్ని మాటలు మనసులోంచి చెప్తాను, దయచేసి వినండి.

రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం. మీది ప్రైవేటు తోట అంటున్నారు, అయినా గ్రిల్ ఎక్కడ పెట్టొచ్చో తోటవాళ్లనే అడగండి. కొండ మీద గడ్డి నవంబరు నుంచి ఎండటం మొదలవుతుంది. కాళ్లున్న గ్రిల్ అయినా కింద రెండు మీటర్ల మేర గడ్డి లేని నేల ఉండాలి. పక్కన రెండు బకెట్ల నీళ్లు. పడుకునే ముందు బొగ్గుల మీద నీళ్లు పోసి కలిపి, మళ్లీ పోయండి. చేత్తో ముట్టుకుంటే చల్లగా ఉండాలి. అప్పుడే ఆరినట్టు.

రాత్రి చలి గట్టిగా ఉంటుంది. చలిగా ఉందని బొగ్గుల కుంపటి టెంట్‌లోకి తీసుకెళ్లేవాళ్లను నేను కళ్లారా చూశాను. ప్రాణం పోతుంది. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, పొగ ఉండదు, నిద్రలోనే మనిషి లేవడు. గ్రిల్ ఆరిపోయినట్టు కనపడినా టెంట్ లోపలికి, టెంట్ గుమ్మం ముందుకు తీసుకురావద్దు. ఇంకో దుప్పటి తెచ్చుకోండి.

చివరగా ఫాయిల్. నెయ్యి వాసనకు ఆవులు, కుక్కలు నాకుతాయి, మింగుతాయి. కాలిస్తే ముక్కలై బూడిదలో కలిసిపోయి ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. ఎన్ని పొట్లాలు పట్టుకొచ్చారో కాగితం మీద రాసుకోండి, వెళ్లేటప్పుడు అన్ని ఫాయిళ్లూ లెక్కపెట్టి సంచిలో వేసుకోండి. ఆకులు మాత్రం ఇక్కడే గొయ్యిలో వేసినా మట్టిలో కలిసిపోతాయి.

నాగావళి ఒడ్డు, రాయగడ
ఆదివారం రాత్రి 10:15

ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. ఒక్కొక్కరికీ పేరుపేరునా ధన్యవాదాలు. గుణుపురం చెల్లీ, నువ్వు అడిగావు కాబట్టి సరిపోయింది. మేం అనుకున్న శనివారమే ప్రథమాష్టమి! పక్కింటామె మొహమాటంతో చెప్పలేకపోయిందట. ఒక రోజు జరిపి ఆదివారం పొద్దున్నే బయలుదేరుతున్నాం, సోమవారం సెలవు పెట్టుకున్నాం.

ఇంకో సందేహం. గ్రిల్ ఒక్కటే ఉంది. వాళ్ల చేపలు, మా పొట్లాలు ఒకే జాలీ మీదా? అత్తయ్య పైకి ఏమీ అనరు, అన్నం పెరుగు చాలమ్మా అని ఊరుకుంటారు. ఆవిడ అలా ఊరుకోవడమే నాకు బాధ. ఆవిడ కడుపునిండా తినాలి.

జయపురం కోడలు
సోమవారం ఉదయం 6:10

చెల్లీ, పెద్దవాళ్లకు నచ్చచెప్పడం కంటే వాళ్ల కళ్ల ముందు చేయడం మేలు. జాలీని ఆవిడ ముందే బూడిదతో, నీళ్లతో తోమండి. ముందు మీ పొట్లాలన్నీ కాల్చి, దించి, మూత ఉన్న గిన్నెలో పెట్టేయండి. ఆ తర్వాతే చేపలు. పట్టకారు, గరిటెలు, పళ్లాలు రెండు జతలు పెట్టుకోండి. పొట్లం కట్టే పని అత్తయ్య గారి చేతే చేయించండి. తన చేత్తో కట్టింది ఆవిడ సందేహం లేకుండా తింటారు.

సునాబెడ సెకండ్ షిఫ్ట్
సోమవారం ఉదయం 7:45

చేపల జాలీ వేరేగా కొనండి అక్కా. ఇనుప సామాన్ల కొట్లో తక్కువలో వస్తుంది. నాలుగు ఇటుకలు, మీ బొగ్గుల్లోంచి నాలుగు పారల బొగ్గు, రెండో పొయ్యి అయిపోతుంది. ఇద్దరూ ఒకేసారి వండుకుని ఒకేసారి తినొచ్చు. అందరూ కలిసి కూర్చుని తినడానికేగా వెళ్తున్నది.

దెగ్లూర్ జొన్నచేను
సోమవారం మధ్యాహ్నం 1:30

మేం మహారాష్ట్ర వైపు సరిహద్దువాళ్లం, నాందేడ్ జిల్లా. మాకు ఈ ముచ్చట సంక్రాంతి చుట్టూ, ఊచబియ్యం రోజుల్లో ఉంటది. జొన్న పాలకంకులు పిడకల నిప్పులో కాల్చి, వేడివేడిగా నలిపి తింటాం. మరాఠీలో హుర్డా అంటారు. దానికి ఫాయిల్ పనికిరాదు, కంకికి పొగ తగలాలి. లేత మొక్కజొన్న కంకులు మాత్రం తమ ఆకుల్లోనే ఉంచి, నీళ్లలో కాసేపు నానబెట్టి నేరుగా జాలీ మీద పెట్టుండ్రి. ఇరవై నిమిషాలు. పొట్లం దేవుడే కట్టి ఇచ్చిండు.

పర్లాకిమిడి మాష్టారు
సోమవారం రాత్రి 9:00

ఒక హెచ్చరిక మర్చిపోయాను. మిగిలిన దుంపలను ఫాయిల్‌లో అలాగే మూసి మర్నాటికి ఉంచకండి. 1994లో అమెరికాలోని ఎల్ పాసోలో ఫాయిల్‌లో కాల్చిన బంగాళాదుంపలను బయట ఉంచేసి, వాటితో చేసిన పదార్థం తిన్న 30 మందికి బొట్యులిజం అనే తీవ్రమైన ఆహార విషబాధ వచ్చింది. మట్టిలో ఉండే, ఆ జబ్బు తెచ్చే క్రిమి బీజాలు మామూలు ఉడుకుకు చావవు. గాలి ఆడని రేకు లోపల, గోరువెచ్చటి చోట పెరిగి విషం తయారుచేస్తాయి. వేడిగా ఉండగానే తినండి. మిగిలితే విప్పేయండి. ఫ్రిజ్ లేనిచోట రాత్రికి దాచొద్దు.

నాగావళి ఒడ్డు, రాయగడ
వారం తర్వాత, బుధవారం రాత్రి 9:40

వెళ్లొచ్చాం. జరిగింది జరిగినట్టు రాస్తాను.

బొగ్గు అంటించడానికే గంట పట్టింది, గాలి అంతగా ఉంది. పిల్లలు రెండుసార్లు వచ్చి అడిగారు, నాకు పోయినసారి గుర్తొచ్చి టెన్షన్ పుట్టింది. అయినా తెల్ల బూడిద పట్టేదాకా కదల్లేదు. చెయ్యి పెట్టి ఐదు లెక్కపెట్టాకే మొదటి పొట్లం పెట్టాను. పదినిమిషాల్లో అన్నీ పొంగాయి. పిల్లలు చుట్టూ చేరి ఏది ముందు పొంగుతుందో చూస్తూ కూర్చున్నారు, ఆకలి మాటే మర్చిపోయారు.

చిలగడదుంప అందరికంటే ముందు అయిపోయింది. ముప్పై ఐదు నిమిషాలు పట్టింది కానీ ఒక్క ముక్క మాడలేదు. గుమ్మడి నేను మాటల్లో పడి వదిలేశాను, ముద్దైంది. పక్కింటివాళ్లు దాన్నే అన్నంలో కలుపుకున్నారు. అత్తయ్య పుట్టగొడుగులు వద్దన్నారు కాబట్టి రెండు పొట్లాలు వాళ్ల కోసమే కట్టాను. సరిగ్గా తుడవలేదేమో, నీరు చేరింది.

అరటికాయ ఆవ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అత్తయ్యే నూరారు, అత్తయ్యే పసుపు ఆకుల్లో కట్టారు. పొట్లం విప్పగానే ఆ వాసనకు పక్కింటామె లేచొచ్చి "ఇది మా బెసొరొ కదా" అంది. అత్తయ్య "కాదమ్మా, మా ఆవ" అన్నారు. ఆవిడకు ఒడియా సరిగా రాదు, ఈమెకు తెలుగు అంతంతమాత్రం. ఇద్దరూ ఆవాలు ఎంతసేపు నానబెట్టాలి, వెల్లుల్లి లేకపోతే ఏం వేయాలి అని అరగంట మాట్లాడుకున్నారు. అత్తయ్య రెండో పొట్లం అడిగి వేయించుకున్నారు. పెరుగు గిన్నె మూత కూడా తీయలేదు.

చేపలు రెండో పొయ్యి మీద. ఇటుకలు తోటవాళ్లే ఇచ్చారు. సునాబెడ తమ్ముడూ, ఆ మాటకు చాలా థ్యాంక్స్.

పొట్టంగి తమ్ముడూ, లెక్క రాసుకున్నాం. ఇరవై రెండు పొట్లాలు. పొద్దున చూస్తే ఇరవై ఒకటే ఉన్నాయి. అందరం వెతికాం. టెంట్ వెనక ఒక ఆవు ఆఖరిదాన్ని నాకుతూ కనపడింది, మా అబ్బాయి పరుగెత్తి లాక్కొచ్చాడు. నువ్వు రాయకపోతే మేం లెక్కే పెట్టేవాళ్లం కాదు. అన్నీ కడిగి ఉండ చుట్టి ఇంటికి తెచ్చాం, పాత సామాన్ల బండికి వేస్తాను.

పొట్టంగి కుర్రోడు
బుధవారం రాత్రి 10:05

మీ అబ్బాయికి నా తరఫున ధన్యవాదాలు చెప్పండి అక్కా. మళ్లీ రండి.

నాగావళి ఒడ్డు, రాయగడ
గురువారం ఉదయం 7:20

తప్పకుండా. ఒక చిన్న ప్రశ్న. పసుపు ఆకులు ఇంకా ఇరవై దాకా మిగిలాయి. పక్కింటివాళ్లకు మార్గశిర లక్ష్మివారాలు మొదలైపోయాయి, మనకు అమావాస్య దాటాకే కదా. అత్తయ్య మా మొదటి లక్ష్మివారానికి ఆ ఆకుల్లో ఏదైనా చేస్తానంటున్నారు. అప్పటిదాకా నిలుస్తాయా?

జయపురం కోడలు
గురువారం ఉదయం 7:50

నిలుస్తాయి చెల్లీ. కడగొద్దు, తడిగుడ్డతో తుడిచి నీడన ఆరనివ్వు. మధ్య ఈనె మీద మడవకుండా చుట్టచుట్టి, పాత కాగితంలో పెట్టి ఫ్రిజ్ కింద అరలో ఉంచు. వారం, పది రోజులు పచ్చిగానే ఉంటాయి. అంచులు పసుపెక్కితే ఆ మేరకు కత్తిరించి వాడుకో. ఏం చేస్తారో ఆవిడను అడిగి ఇక్కడ రాయి.

గుణుపురం వంశధార
గురువారం ఉదయం 8:15

ఎండురి చేయమనండి అక్కా. మినప్పప్పు, బియ్యం రుబ్బి, లోపల కొబ్బరి, బెల్లం, మిరియాలు. కొలతలు అమ్మను అడిగి సాయంత్రానికి పెడతాను.